బొమ్మ చక్రవర్తిది... బొరుసు దేవుడిది!

పెనుగాలికి దారితప్పిన ఓ ఓడ పదిహేనో రోజున సింహళం ఒడ్డుకు చేరింది. అందులో ఉన్నవాడు రోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చినవాడు. ఎర్ర సముద్రం మీద పన్నుల వసూలు హక్కు పాడుకున్న అన్నియస్ ప్లోకమస్ అనే ఆసామి దగ్గర ఒకప్పుడు బానిసగా ఉండి విడుదల పొందాడు. అరేబియా చుట్టూ తిరుగుతుంటే గాలి ఇటు తోసేసింది. సింహళ రాజు అతణ్ణి ఆరు నెలలు ఆదరించాడు. ఆలోగా అతడు అక్కడి భాష నేర్చుకున్నాడు. తమ దేశం గురించీ తమ చక్రవర్తి గురించీ రాజు అడిగినవన్నీ చెప్పాడు. ఆ కబుర్లన్నిటికన్నా రాజును ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం అతడి దగ్గర దొరికిన డబ్బు. అన్నీ వెండి నాణేలే. కానీ ఒక్కోదాని మీద ఒక్కో మనిషి ముఖం. అంటే వేర్వేరు పాలకులు అచ్చువేయించినవన్నమాట. తూచి చూస్తే... అన్నీ ఒకే బరువు! ఏలేవాళ్ళు మారినా తూకం మారలేదంటే ఆ దేశం వాళ్ళు నిజాయతీపరులే అనుకున్నాడు రాజు. రోమ్‌కు నలుగురు రాయబారులను పంపించాడు.

క్లాడియస్ చక్రవర్తి కాలంలో, అంటే క్రీ.శ. 41-54 మధ్య, జరిగిన సంగతిగా రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టిన ముచ్చట ఇది. ఇందులో కల్పన పాలు ఎంతన్నది అలా ఉంచుదాం. తమాషా ఏమిటంటే, ఆ రాయబారులు వెళ్ళొచ్చాక పట్టుమని పాతికేళ్ళు కూడా తిరక్కుండానే రాజు మెచ్చుకున్న ఆ తూకం కాస్తా తగ్గిపోయింది.

రోజు కూలి ఒక దేనారము

ఆ నాణెం పేరు డెనారియస్. ఇంచుమించు మన రూపాయి బిళ్ళంత ఉంటుంది. బరువు నాలుగు గ్రాములకు కాస్త అటూ ఇటూ. పేరు కొత్తగా అనిపించినా మనకు బొత్తిగా తెలియనిదేం కాదు. తెలుగు బైబిలులో ద్రాక్షతోట కూలీలకు రోజు కూలిగా ఇచ్చిన 'దేనారము' ఇదే. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు సంపాదించుకొచ్చే దీనార్లకు ఆ పేరు వచ్చింది కూడా దీన్నుంచే. అంతెందుకు, నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి స్తంభ శాసనం ఒకటి ఉంది. ఉజ్జయిని రాకుమార్తె, మహాదేవి రుద్రధర భట్టారిక అక్కడి బౌద్ధ క్షేత్రానికి ఓ రాతిస్తంభంతోపాటు 170 'దినారి మాషకాలు' ఇచ్చినట్టు దాని మీద చెక్కారు. ఎక్కడి టైబర్, ఎక్కడి కృష్ణ!

డెనారియస్ పుట్టింది కష్టకాలంలో. క్రీ.పూ. 211 ప్రాంతం. హానిబల్ ఇటలీలో తిష్ఠవేసి రోమ్‌ను ముప్పుతిప్పలు పెడుతున్న రోజులవి. ఖజానా అడుగంటింది. చలామణీలో ఉన్న డబ్బు మీద జనానికి నమ్మకం పోయింది. అప్పుడు తెచ్చారీ కొత్త వెండి నాణెం. పది కంచు కాసులకు ఇది ఒకటి. పేరులో ఉన్నదీ ఆ 'పది'యే. ఇంత కచ్చితంగా ఆ కాలం ఎలా తెలిసిందంటారా? సిసిలీ దీవిలో మోర్గాంటినా అనే పట్నం ఉండేది. రోమన్ సేనలు క్రీ.పూ. 211లో దాన్ని ధ్వంసం చేశాయి. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడ తవ్వకాలు జరిపితే, ఆ విధ్వంసం నాటి శిథిలాల్లో అప్పుడప్పుడే అచ్చయిన డెనారియస్‌లు బయటపడ్డాయి.

వాటి మీద మనిషి ముఖం లేదు. బొమ్మ వైపు రెక్కల శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత. బొరుసు వైపు గుర్రాల మీద దౌడుతీస్తున్న కవల దేవతలు కాస్టర్, పోలక్స్. తలల మీద చెరో నక్షత్రం. యుద్ధంలో ఆపద ముంచుకొస్తే గుర్రాలెక్కి వచ్చి ఆదుకుంటారని రోమన్ల నమ్మకం. మన అశ్వినీ దేవతలకు వరసకు అన్నదమ్ములనుకోవచ్చు.

టంకశాల ఉన్నది కూడా దేవత నీడనే. రోమ్‌లోని కాపిటోలైన్ కొండ మీద జూనో మోనెటా ఆలయం పక్కన. ఆ 'మోనెటా'యే క్రమంగా ఇంగ్లిషువాళ్ళ నోట 'మనీ' అయింది, 'మింట్' అయింది. పనిముట్లు చాలా సాదా. దిమ్మెలో బిగించిన ఒక అచ్చు, దాని మీద వెండి బిళ్ళ, పైన చేత్తో పట్టుకునే రెండో అచ్చు, ఆపైన సుత్తి దెబ్బ. అంతే! దెబ్బ కాస్త పక్కకు పడితే దేవత ముక్కో గుర్రం తోకో నాణెం బయటికి పోయేది. అందుకే ఏ రెండు డెనారియస్‌లూ అచ్చంగా ఒకేలా ఉండవు.

మనం బొమ్మా బొరుసూ వేసుకున్నట్టే రోమ్ పిల్లలూ కాసులు ఎగరేసి ఆడుకునేవారు. వాళ్ళ మాట 'తలలా? ఓడలా?' అని. పాత కంచు కాసుకు ఒకవైపు రెండు ముఖాల జేనస్ దేవుడు, రెండోవైపు ఓడ ముక్కు ఉండేవి మరి!

బతికున్న మనిషి తల

నాణేలు వేయించే పని ఏటా కొందరు యువ అధికారుల చేతిలో ఉండేది. రాజకీయాల్లో ఎదగాలనుకునే పెద్దింటి కుర్రాళ్ళు వాళ్ళు. ఊరుకుంటారా? తమ తాతముత్తాతల విజయాలు, తమ వంశానికి మూలమని చెప్పుకునే దేవతలు నాణేల మీదికెక్కారు. జూలియస్ సీజర్ తమది వీనస్ దేవత వంశమనేవాడు. ఆయన వేయించిన ఓ డెనారియస్ మీద ఒకవైపు వీనస్, రెండోవైపు ముసలి తండ్రిని భుజాన మోసుకుంటూ ట్రాయ్ నగరం నుంచి వస్తున్న ఈనియస్ కనిపిస్తారు. వీనస్ కొడుకు ఈనియస్, అతడి సంతతి మేము అని చెప్పడమన్నమాట. చదువు రానివాడి చేతికి కూడా చేరే ప్రచారం. అప్పట్లో వార్తాపత్రికలు లేవు కదా!

ఎంత చేసినా ఒక గీత మాత్రం ఎవరూ దాటలేదు. చనిపోయిన పూర్వీకుడి ముఖం వేయొచ్చు కానీ, బతికున్నవాడి ముఖం రోమ్ టంకశాలలో అచ్చుకాకూడదు. అది రాజులు చేసే పని. రాజు అనే మాటంటేనే రోమన్లకు గిట్టదు. క్రీ.పూ. 44 మొదట్లో ఆ గీత చెరిగిపోయింది. తల మీద ఆకుల దండ, ముడతలు పడ్డ సన్నటి మెడ... సాక్షాత్తూ సీజరే. కొన్నిటి మీద 'శాశ్వత నియంత' అన్న బిరుదు కూడా ఉంది. బొరుసు వైపు కులదేవత వీనస్. ఆ దండ వెనక ఓ రహస్యం ఉంది. బట్టతల కనబడకుండా అది ఎప్పుడూ పెట్టుకునే హక్కు దొరికినందుకు సీజర్ మహా సంబరపడ్డాడని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు.

నాణేలు చేతులు మారడం మొదలై కొన్ని వారాలైనా అయిందో లేదో, మార్చి 15న సెనేట్ సమావేశంలో సీజర్‌ను పొడిచి చంపారు.

హంతకుల్లో ముఖ్యుడు బ్రూటస్. నియంత పీడ విరగడ చేశానని చెప్పుకోవడానికి క్రీ.పూ. 42లో అతడూ ఒక డెనారియస్ వేయించాడు. బొరుసు వైపు రెండు బాకులు, వాటి మధ్య విముక్తి పొందిన బానిసలు పెట్టుకునే టోపీ, కింద మార్చి 15 అని తేదీ. హత్యను ఇంత బాహాటంగా చాటుకున్న నాణెం మరొకటి కనబడదు. మరి బొమ్మ వైపు? బ్రూటస్ ముఖమే! ఏ పని చేశాడని సీజర్‌ను ఆడిపోసుకున్నారో కొద్ది కాలానికే తానూ అదే చేశాడు. ఆ ఏడాదే యుద్ధంలో ఓడి ప్రాణం తీసుకున్నాడు. ఇదే ముద్రతో అతి కొద్ది బంగారు నాణేలూ వచ్చాయి. వాటిలో ఒకటి 2020లో లండన్ వేలంలో సుమారు 42 లక్షల డాలర్లు పలికి రికార్డు సృష్టించింది. తీరా దాని పుట్టుపూర్వోత్తరాల కాగితాలు బూటకమని తేలడంతో అమెరికా అధికారులు స్వాధీనం చేసుకుని 2023లో గ్రీసుకు అప్పగించారు.

అన్నోనా అనే ధాన్యలక్ష్మి

సీజర్ దత్తపుత్రుడు అగస్టస్ తొలి చక్రవర్తి అయ్యాడు. ఆయన నాణేల మీద పేరు పక్కన 'దేవుడి కొడుకు' అని ఉంటుంది. చనిపోయిన సీజర్‌ను సెనేట్ దేవుణ్ణి చేసేసింది కదా! ఆ ఏడాది ఆకాశంలో కనిపించిన తోకచుక్క సీజర్ ఆత్మేనని జనం నమ్మారు. అగస్టస్ దాన్నీ నాణెమెక్కించాడు. అక్కడి నుంచి ఏర్పాటు స్థిరపడింది. బొమ్మ వైపు చక్రవర్తి, బొరుసు వైపు దేవుడో దేవతో.

జూపిటర్, మార్స్, మినర్వా లాంటి పెద్ద దేవుళ్ళు సరే. చూడముచ్చటైనవాళ్ళు మాత్రం గుణాలే రూపు దాల్చిన దేవతలు. చేతిలో ధాన్యపు కంకులతో అన్నోనా ఉంటుంది. ప్రజలకు తిండిగింజల లోటు లేకుండా చూసే తల్లి, అచ్చంగా మన ధాన్యలక్ష్మి. శాంతికి పాక్స్, ఐకమత్యానికి కాంకోర్డియా, న్యాయానికి తక్కెడ పట్టుకున్న ఈక్విటాస్. ఇందులో ఒక కిటుకు ఉంది. ఏ దేవత ఎక్కువగా కనిపిస్తోందో ఆ కాలంలో దానికే కరవనుకోవచ్చు. క్రీ.శ. 193లో అంగరక్షక సైనికులు చక్రవర్తిని చంపి సింహాసనాన్ని వేలం వేశారు. ఎక్కువ పాడి దక్కించుకున్న డిడియస్ జూలియానస్ తన డెనారియస్ మీద వేయించిన మాట 'సైనికుల ఐకమత్యం'. ఆయన ఏలింది 66 రోజులు!

అంతకు కొన్ని నెలల ముందే హతుడైన కొమోడస్ అయితే దేవుళ్ళను బొరుసు వైపు ఉంచితే చాలదనుకున్నాడు. సింహం తోలు తలకు చుట్టుకుని తానే హెర్క్యులిస్‌నంటూ బొమ్మ వైపుకు వచ్చేశాడు. ఇలాంటి వెర్రి వేషాల మధ్య మనసుకు తగిలే నాణేలూ ఉన్నాయి. భార్య ఫౌస్టినా చనిపోతే ఆంటొనైనస్ పయస్ ఆమెను దేవతగా ప్రకటింపజేశాడు. తర్వాత ఇరవై ఏళ్ళు బతికి, ఆ కాలమంతా ఆమె ముఖంతో నాణేలు వేయిస్తూనే ఉన్నాడు.

పైన వెండి... లోన రాగి

ముఖాలెన్ని మారినా బజారులో నాణేన్ని నిలబెట్టింది వెండి. ఆ వెండి ఎక్కువగా స్పెయిన్ గనుల నుంచి వచ్చేది. సీసంతో కలిసి ఉన్న ఖనిజాన్ని కొలిమిలో కరిగించి వెండిని విడదీసేవారు. ఆ పొగ ఎంత దూరం పోయిందంటే... గ్రీన్‌లాండ్ మంచు లోతు పొరల్లో రోమన్ల కాలపు సీసం ఇప్పటికీ ఉంది! 2018లో వెలువడిన ఓ పరిశోధన ఆ పొరలను దాదాపు ఏడాది వారీగా లెక్కగట్టింది. క్రీ.శ. 165 తర్వాత మహమ్మారి చెలరేగినప్పుడు సీసం ఒక్కసారిగా తగ్గిపోయింది. కొలిములు చల్లారిపోయాయన్నమాట.

వెండిలో కోత మాత్రం అంతకు వందేళ్ళ ముందే మొదలైంది. క్రీ.శ. 64లో రోమ్ నగరం తగలబడింది. ఊరిని తిరిగి కట్టాలి. నీరో చక్రవర్తికి తన కోసం బ్రహ్మాండమైన భవంతి కూడా కావాలి. డబ్బు? అంతవరకూ ఒక పౌను వెండికి 84 డెనారియస్‌లు కొట్టేవారు. నీరో 96 కొట్టించాడు. అది చాలదన్నట్టు ఇంచుమించు స్వచ్ఛమైన వెండిలో రాగి కూడా కలిపించాడు. ఆ తొలి విడతలో రాగి సుమారు ఐదో వంతు ఉందని నేటి లోహ పరీక్షల్లో తేలింది. పైకి మాత్రం ధగధగలాడేలా చేశారు. అచ్చు కొట్టే ముందే బిళ్ళ పైపొరలో రాగి పోయి వెండి మిగిలేలా శుద్ధిచేసేవారు. కొనేవాడి కంటికి కనిపించేది ఆ పైపొరే కదా!

తర్వాతి కథ మెట్లు దిగడమే. సెప్టిమియస్ సెవెరస్ కాలానికి, అంటే క్రీ.శ. 200 నాటికి, వెండి సగానికి పడిపోయింది. సైనికుల జీతాలు పెంచడానికి అదే దారి మరి. ఆయన కొడుకు కారకల్లా 215లో మరో ఎత్తు వేశాడు. తన తల మీద సూర్యదేవుడి కిరణాల కిరీటం పెట్టి కొత్త నాణెం తెచ్చాడు. రెండు డెనారియస్‌ల విలువన్నాడు. అందులో ఉన్న వెండి ఒకటిన్నర పాటిది! 260ల్లో గాలియెనస్ కాలం వచ్చేసరికి ఆ కొత్త నాణెంలో వెండి ఐదు శాతం కూడా లేదు. రాగి బిళ్ళకు వెండి పూత. దానికీ బొరుసు వైపు తక్కెడ పట్టుకున్న ఈక్విటాస్ నిలబడే ఉంది! శత్రువులు అన్ని సరిహద్దుల మీదా పడుతుంటే గాలియెనస్ చివర్లో జూపిటర్, అపోలో, డయానా, నెప్ట్యూన్... ఇలా దేవుళ్ళను వరసపెట్టి పిలిచాడు. జింకలు, రెక్కల గుర్రాలు, సముద్రపు గుర్రాలతో 'చక్రవర్తిని కాపాడే దేవుడికి' అంటూ నాణేలు గుద్దించాడు. 268లో సొంత అధికారులే ఆయన్ని చంపేశారు.

అప్పటి మామూలు మనుషులు ఏంచేశారో తెలిపే కాగితం ఒకటి ఈజిప్టు ఇసుకలో దొరికింది. 260 నాటిది. ఆక్సిరింకస్ పట్నంలో డబ్బు మార్చే వ్యాపారులు కొట్లు మూసేసుకున్నారు. చక్రవర్తుల 'దివ్యమైన నాణేలు' తీసుకోవడం తమవల్ల కాదన్నారు. ఈజిప్టులో చెల్లే నాణేలు వేరే అయినా జబ్బు మాత్రం అదే. కొట్లు తెరవాలి, శుద్ధ దొంగ నాణేలు తప్ప అన్నీ తీసుకోవాలి, లేదంటే శిక్ష తప్పదు అంటూ అధికారి జారీచేసిన హుకుం అది. నాణేన్ని దివ్యమని పిలిచినంత మాత్రాన కొట్టువాడి గల్లాపెట్టె నిండదు కదా.

అక్కెనపల్లిలో 1,531

బలవంతపెట్టే అధికారి లేనిచోట సంగతి వేరు. సామ్రాజ్యం సరిహద్దులకు అవతల రోమన్ హుకుం చెల్లదు, వెండి ఒక్కటే చెల్లుతుంది. ఉత్తరాన జర్మన్ తెగలవాళ్ళు పాత నాణేలే కావాలని పట్టుబడతారని క్రీ.శ. 98లో టాసిటస్ రాశాడు. అంచుకు రంపపు పళ్ళలా గాట్లున్నవి, జంటగుర్రాల రథం ఉన్నవి అయితేనే వాళ్ళు నమ్మేవారట. రెండూ పాత గణతంత్ర కాలం నాటి మంచి వెండి రకాలే.

మరి దక్షిణాన? ఇక్కడివాళ్ళూ అంతే! మిరియాలు, ముత్యాలు, సన్నబట్టల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియాకు పోతున్నాయని ప్లినీ గోలపెట్టాడు. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక డెనారియస్. అంటే కోటీ పాతిక లక్షల డెనారియస్‌ల పాటి సొమ్ము. అలా వచ్చిన నాణేల్లో కొన్ని మన నేలలో ఉండిపోయాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రాశిలో 1,531 డెనారియస్‌లున్నాయి. కరీంనగర్ జిల్లా నస్తుల్లాపూర్‌లో 39. ఇలాంటివాటిని నాణేల నిపుణుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఒక కేటలాగులో గుదిగుచ్చారు.

దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో మహా ఎక్కువగా కనిపించేవి రెండు రకాలే. ఒకటి అగస్టస్‌ది. బొరుసు వైపు డాళ్ళు, బల్లేలతో నిలబడ్డ ఆయన ఇద్దరు మనవలు గైయస్, లూసియస్ ఉంటారు. సింహాసనానికి వారసులని లోకానికి చాటిన ఆ కుర్రాళ్ళిద్దరూ తాత కళ్ళముందే పోయారు. రెండోది టిబేరియస్‌ది. బొరుసు వైపు చేతిలో కొమ్మతో కూర్చున్న స్త్రీమూర్తి. రెండూ నీరో కోతకు ముందువే! ఆ తర్వాతి డెనారియస్‌లు ఇక్కడ అరుదు. ఇక్కడి వర్తకులు తూచి, గీసి చూసి మంచివే ఏరుకున్నారని, అది తెలిసి అక్కడివాళ్ళూ పాతవే ఏరి ఓడకెక్కించారని పండితుల ఊహ. నీరో తర్వాత మన వైపు బంగారు నాణేల వాటా పెరిగింది. నెల్లూరు దగ్గర 1780ల్లో పొలం దున్నుతున్న రైతుకు గుడి శిథిలాల కింద కుండ నిండా దొరికినవి బంగారు నాణేలే. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టినా ముఖాలున్నవి. పాపం, ఆ రైతుకేం తెలుసు! పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోగా కొన్ని మాత్రమే మద్రాసు దొరల కంటపడ్డాయి.

ముఖాల మీద మనవాళ్ళకు పెద్ద పట్టింపు ఉన్నట్టు లేదు. దక్షిణాదిన దొరికిన కొన్ని నాణేల్లో చక్రవర్తి బుగ్గ మీద ఉలితో పెట్టిన గాటు కనిపిస్తుంది. ఇక చలామణీలో తిరగకూడదనో, లోపలి లోహం చూడాలనో పెట్టి ఉంటారు. అయితే ఆ ముఖాన్ని ముచ్చటపడి దాచుకున్నవాళ్ళూ లేకపోలేదు. మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల నాటి ఊరిని తవ్వినప్పుడు మట్టితో చేసిన బిళ్ళలు దొరికాయి. టిబేరియస్ నాణేలకు అవి నకళ్ళు. పైన దారం గుచ్చుకునే చెవి ఉంది. కాసులపేరులా మెడలో వేసుకోవడానికన్నమాట. నాణెంలోంచి వెండి తీసేయడానికి చక్రవర్తులకు రెండు వందల ఏళ్ళు పట్టింది. కొండాపూర్ పనివాడు గుప్పెడు మట్టితో ఒక్క పూటలో కానిచ్చేశాడు!